మా కోడలికేం తెలుసండీ

“పిన్నీ, నాకు ఆకలిగా లేదని చెప్పండి.”

ఎవరికి చెప్పమంటుందో అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. మా అక్క సులస్మి అన్నం పళ్ళెం పట్టుకుని ఆ పిల్ల ఎదురుగానే నిలబడి ఉంది. అనింద్య తన అత్త భుజం మీదుగా నన్ను చూసి ఆ మాట అంది. తీగ మీద ఆరిన చంటిదాని బట్టలు తీసుకుంది. మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తలుపు గట్టిగా కూడా వేయలేదు. దభాలున వేసినా బాగుండేది. మా ఇంట్లో కోపాలకు చప్పుడుండదు. అందుకే అవి తొందరగా చల్లారవు.

అక్క పళ్ళెం వైపు చూసింది, తలుపు వైపు చూసింది, చివరికి నా వైపు చూసింది. నేను వసారాలో నా పెచెల్ దుకాణానికి, ఉడికించిన ఆకుకూరల మీద వేసే పచ్చడి కోసం, వేరుశనగలు నూరుతున్నాను. ఏం చెప్పను? నిన్న భోజనాల దగ్గర అక్క కొడుకు మికో ఆ కబురు చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరం ఒకరి కళ్ళలోకి ఒకరు చూడడం మానేశాం.

కబురు ఇదీ. బెంగావన్ నది మీద కడుతున్న కొత్త వంతెనలో నడిమి భాగం పని అనింద్యకు ఇవ్వడం లేదు. ఉక్కు దూలాలను రెండు ఒడ్ల నుంచీ తోసుకుంటూ వచ్చి నీళ్ళ మీద కలిపే పని అది. దాని లెక్కలన్నీ నిండు నెలల కడుపుతో కూర్చుని ఆ పిల్లే కట్టింది. ప్రసవం సెలవు అయిపోయి వచ్చే సోమవారం పనిలోకి వెళ్ళాల్సి ఉండగా, సురబయలో ఆఫీసు పని చూసుకోమన్నారు. నడిమి భాగం ఆమె మొగుడికే ఇచ్చారు. అంటే మా మికోకి. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివి, ఒకే చోట పని చేస్తున్నవాళ్ళు.

“సోమవారం వెళ్తాను. మానేస్తున్నానని చెప్పి వస్తాను. పెద్దావిడే నాకు చేతకాదన్నాక ఇంకెందుకు?” అంది అనింద్య. నిన్న ఆ పిల్ల అన్న ఆఖరి మాట అదే.

మా అక్కకు ఆ “పెద్దావిడ” అన్న మాట ఒక్కటే అర్థమైంది. తక్కినది అర్థం కాలేదు.

పాపకు వేడినీళ్ళు కావాలి కాబట్టి అనింద్య ఎంతసేపని గదిలో కూర్చుంటుంది? కాసేపటికి చెంబు పట్టుకుని వంటింట్లోకి రానే వచ్చింది. అక్క పొయ్యి దగ్గర నుంచి కదలలేదు.

“నేనేం చేశానమ్మా?” అని అడిగింది.

“మీరేం చేయలేదు. అన్నారు. అంతే.”

“ఏమన్నాను?”

“‘మా కోడలికేం తెలుసండీ, ఇంకా పిల్లది, నేర్చుకోవాల్సింది చాలా ఉంది’ అన్నారట. మా ఆఫీసు మనూరుంగ్ గారు మికోతో చెప్పారు. ఇంటి పెద్దావిడే అలా అన్నప్పుడు అంత పెద్ద పని నెత్తిన పెట్టడం న్యాయం కాదన్నారు.”

అక్క ముఖంలో తప్పు చేసిన జాడ ఏమీ లేదు. నిజంగానే లేదు. “అన్నాను. అనకపోతే ఎట్లా? ఇంటికొచ్చిన మనిషి మన పిల్లను మన ముందే పొగుడుతుంటే, అవునవునని తలూపుతూ కూర్చుంటామా? మీ అమ్మగారు మాత్రం అంటారా అలా?”

“అనరు.”

“మరి?”

అనింద్య చెంబు కింద పెట్టింది. గొంతు పెంచలేదు. “అమ్మా, ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి మీ నోట నా గురించి ఒక్క మంచి మాట వినలేదు. నేనూ ఇక్కడి దాన్నే, మర్యాద మాటలు నాకూ తెలుసు. కానీ ఎప్పుడూ అవే వింటుంటే, అది మర్యాద కోసం అన్నదో, మీ మనసులో ఉన్నదే అన్నదో నాకెలా తెలుస్తుంది?”

 కోడలు నీళ్ళు తీసుకుని వెళ్ళిపోయింది.

అక్క ఆ మాట అన్న రోజు నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి జరిగింది చెబుతాను. పాపకు, అంటే మా గెందిస్‌కు, నెల దాటాక పుట్టువెంట్రుకలు తీయించి ఇరుగుపొరుగుకు అన్నం పంచాం. అనింద్య పైఅధికారి మనూరుంగ్ గారు కూడా వచ్చారు. బటక్ తెగ మనిషి. సుమత్రా నుంచి వచ్చి ఏడాదైనా కాలేదు. గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదే. ఇంటి పెద్ద ఎవరని అడిగి, మా అక్క ముందు చక్కగా కూర్చుని, “అమ్మా, మీ కోడలు చాలా సమర్థురాలు. తిరిగొచ్చాక నడిమి భాగం ఇద్దామనుకుంటున్నాను, మీరేమంటారు?” అని అడిగారు.

మా అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని, ఆ మాటలు అంది. అంటున్నప్పుడు ఆమె కళ్ళు ఎలా మెరిశాయో నేను చూశాను. మా వాళ్ళెవరైనా ఆ కళ్ళు చూసి, “ఈవిడకు కోడలంటే ఎంత గర్వం” అనుకుని లేచేవారు. ఆయన కళ్ళు చూడలేదు. మాటలు విన్నారు. “ఓహో, అలాగా” అన్నారు.

అక్కతో ఇన్నేళ్ళుగా ఏనాడూ కటువుగా మాట్లాడని నేను, కోడలు వేడినీళ్ళతో వెళ్ళాక, ఆ పొద్దున మాట్లాడాను. నూరే రాయి పక్కన పెట్టేసి, ఆయన ముక్కుసూటి మనిషనీ, ఆకలైతే ఆకలనీ నచ్చకపోతే నచ్చలేదనీ అనే జాతి అనీ, అలాంటి వాడి దగ్గర మన వంకరటింకర మర్యాదలేమిటనీ దులిపేశాను. “మన వాళ్ళయితే అర్థం చేసుకునేవారే” అంది అక్క చిన్నబోయి. మన వాళ్ళు వంతెన కట్టించడం లేదు కదా, ఆయన కట్టిస్తున్నాడు అన్నాను.

నాకంత కోపం ఎందుకొచ్చిందంటే, ఆ పిల్లకు నేను రుణపడి ఉన్నాను. మొగుడు పోయాక ఈ ఇంటికొచ్చి వసారాలో పొయ్యి పెట్టుకున్న దాన్ని. పొగకు నా కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. అందరూ “పాపం” అన్నారు. అనింద్య మాత్రం కొత్త కోడలిగా వచ్చిన వారంలోనే నిచ్చెనెక్కి, రేకు వంచి పొయ్యి మీద గొట్టం బిగించింది. ఇప్పుడు పొగ నా ముఖం వైపు చూడదు. నా కళ్ళు బాగున్నాయంటే ఆ పిల్ల చలవే. అలాంటి పిల్ల సురబయ ఆఫీసులో కాగితాలు సర్దుకోవడమో, ఉద్యోగమే మానేసి కూర్చోవడమో చేయాలా?

మధ్యాహ్నం మికో భోజనానికి వచ్చాడు. సైట్ దగ్గర్లోనే కాబట్టి రోజూ వస్తాడు. బండి ఆపి, చెప్పులు విప్పి, ఇంట్లో నిశ్శబ్దం విని, అక్కడే గుమ్మంలో ఆగిపోయాడు. గదిలో పాప ఏదో కూస్తోంది. దాని తల్లి మాట వినిపించడం లేదు.

అక్క కొడుక్కి వడ్డించింది. సోయా టెంపే ముక్కలు వేసింది, కూర వేసింది. వాడు రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

“మనూరుంగ్ గారు నీతో చెప్పినప్పుడు, మా అమ్మ మర్యాదకు అలా అని ఉంటుందని నువ్వు ఎందుకు చెప్పలేదు?”

వాడు నీళ్ళు నమిలాడు. సమయం లేదన్నాడు. ఆయన హడావిడిలో ఉన్నారన్నాడు. తాను కాదంటే ఎవరో జకర్తా నుంచి వస్తారని, బయటి వాడికి పోయే కన్నా ఇంట్లో ఉండడం నయం కదా అన్నాడు. అక్క వాడి ముఖమే చూస్తూ కూర్చుంది. మా అక్క చూపు ముందు ఎక్కువసేపు ఎవరూ నిలబడలేరు.

వాడు చెయ్యి కడుక్కున్నాడు.

“అమ్మా, నాకూ ఆ పని చేయాలని ఉంది,” అన్నాడు చివరికి. “స్తంభాలూ పునాదులూ వేసి వేసి విసుగొచ్చింది. నేను చేసిందంతా నీళ్ళ కిందా మట్టి కిందా పోతుంది. అందరూ చూసేది పైనున్న వంతెనని. ఆయన పిలిచి ఇస్తానన్నప్పుడు నాకు సంతోషమేసింది. నేనూ నీ కొడుకునే కదమ్మా.”

మా మికో అబద్ధాలకోరు కాదు. మెతక మనిషి. పెళ్ళాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకునేవాడు. అలాంటివాడు అలా అన్నాడు. వాడి మాటలో తప్పు పట్టడానికి ఏముంది? ఆశ పడ్డాడు. నోరు తెరవాల్సిన చోట తెరవలేదు.

వాడు వెళ్ళాక అక్క చాలాసేపు అక్కడే కూర్చుంది. ఎంగిలి పళ్ళెం కూడా తీయలేదు. ఇక ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చెక్క గరిటెలు రెండు తీసి బల్ల మీద పెట్టింది.

“వర్నీ, నీకు గుర్తుందా? ఆ పిల్ల నాకు దూలాలు ఎలా తోస్తారో వీటితో చూపించింది.”

గుర్తులేకేం. నిండు గర్భిణి. ఈ బల్ల ముందు కూర్చుని, గరిటెను అంచు దాటించి కొంచెం కొంచెం ముందుకు జరిపింది. సగం దాటగానే గరిటె కింద పడబోయింది. అప్పుడు గరిటె తోక మీద ఉప్పు గిన్నె పెట్టింది. గరిటె నిలబడింది. వెనక తగినంత బరువుంటే ముందు భాగం గాలిలో ఎంత దూరమైనా వెళ్తుందని చెప్పింది. అక్క చిన్నపిల్లలా మళ్ళీ చూపించు, మళ్ళీ చూపించు అంది. ఆ పిల్ల విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చూపించింది.

“మా నాన్న నన్ను ఆరో తరగతితో చదువు మానిపించాడు,” అంది అక్క. “మికో వాళ్ళ నాన్న మంచివాడే, కానీ ఏదడిగినా ‘నీకెందుకు’ అనేవాడు. మికో చదువుకున్నాడు, వాడికి తీరిక లేదు. నా ఈ వయసులో, నా ముందు కూర్చుని, నాకు అర్థమవుతుందని నమ్మి, ఒక సంగతి విడమర్చి చెప్పిన మనిషి ఈ పిల్ల ఒక్కతే. నాకు అర్థమైంది వర్నీ. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.”

“ఆ మాట దానికి చెప్పావా?”

“ఎలా చెప్పను? పొద్దున్నే లేచి దానికిష్టమైన కూర చేశాను.”

మా అక్కకు కృతజ్ఞత చెప్పడం అలాగే వచ్చు. పళ్ళెంలో పెట్టి ఇస్తుంది. తిన్నవాళ్ళకు అర్థమైతే అయింది, లేకపోతే లేదు.

లేచి మంచి కెబయా రవిక తొడుక్కుంది. డబ్బాలో ఉన్న, అరటిపండుతో చేసిన లెద్రె చుట్టలు పొట్లం కట్టింది. ఎక్కడికని నేను అడగలేదు. పొయ్యి ఆర్పేసి, దుకాణానికి గుడ్డ కప్పి, నేనూ చెప్పులు వేసుకున్నాను. పనిమీద బయటికెళ్తున్నాం అని మాత్రం గది తలుపు దగ్గర చెప్పాం. లోపలి నుంచి “సరే” అని వినిపించింది.

రిక్షాలో కూర్చున్నాక అసలు కష్టం మొదలైంది. అక్కడికెళ్ళి ఏం చెబుతావో ఒకసారి నాతో చెప్పు అన్నాను.

“మా కోడలు...” అని ఆగింది. గొంతు సవరించుకుంది. “మా కోడలు అంత పనికిరానిదేమీ కాదండీ.”

నేను తల పట్టుకున్నాను. ఆయన ఆ మాట కూడా ఉన్నదున్నట్టే వింటాడనీ, “కొంచెం పనికిరానిది” అని రాసుకుంటాడనీ చెప్పాను. మళ్ళీ మొదలుపెట్టింది. “మా కోడలు... ఏదో దేవుడి దయ వల్ల...” అంది. దేవుణ్ణి పక్కన పెట్టమన్నాను. మా ఊళ్ళో రిక్షా వెనక నుంచి తొక్కుతారు; ఆ రిక్షావాడు నవ్వాపుకోలేక దగ్గాడు. మార్కెట్ దాటింది, మసీదు దాటింది, మా అక్క నోట “తెలివైనది” అన్న ఒక్క మాట రాలేదు. ఆమెకు చెమటలు పట్టాయి. నేను ఆటపట్టిస్తున్నాను కానీ, నిజం చెప్పాలంటే నాకూ రాలేదు. మనసులో అని చూసుకున్నాను. బజారులో నిలబడి మనల్ని మనమే మెచ్చుకున్నంత సిగ్గేసింది.

“ఒక సంగతి ఆలోచించావా? దాన్ని పొగిడితే నీ కొడుకు నోటి దగ్గరి పని పోతుంది,” అన్నాను.

“ఇంటి దగ్గర నుంచీ అదే ఆలోచిస్తున్నాను,” అంది.

నది ఒడ్డున రేకుల షెడ్డులో ఉంది వాళ్ళ ఆఫీసు. కిటికీలోంచి మికో వేయించిన స్తంభాలు కనిపిస్తున్నాయి. వేసవి కదా, నీళ్ళు అడుగంటి ఉన్నాయి. మనూరుంగ్ గారు మమ్మల్ని చూసి లేచి నిలబడి, కుర్చీలు వేయించి, టీ తెప్పించి, పాప ఎలా ఉందని అడిగారు. లెద్రె పొట్లం ఇస్తూ అక్క, “ఏదో, అంత రుచిగా ఉండవు లెండి,” అంది. నేను ఆమె కాలు తొక్కాను.

అక్క ఊపిరి పీల్చుకుంది.

“అయ్యా, ఆ రోజు మా కోడలి గురించి నేనన్నది నిజం కాదు.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. “అంటే అబద్ధం చెప్పారా?”

“అబద్ధం కాదండీ. మర్యాద.”

ఆయనకు అర్థం కాలేదు. పాపం, ఎలా అవుతుంది? అక్క వేళ్ళు ఒకదానిలో ఒకటి మెలిపెట్టుకుంటోంది. ఇక ఈవిడ లేచి ఇంటికి పోదామంటుంది అనుకున్నాను.

“ఆ రోజు వంట కూడా బాగా కుదరలేదని చెప్పాను మీకు,” అంది. “మీరు మూడుసార్లు వడ్డించుకున్నారు.”

ఆయన రేకులు అదిరేట్టు నవ్వారు. అవునన్నారు. ఆవిడ ఉప్పూ కారం లేవంటోంది, ఇక్కడేమో ఇంత బాగుంది, ఈవిడ నాలుకకు ఏమైందని ఆ రోజే అనుకున్నానన్నారు. నవ్వుతూ నవ్వుతూనే ముఖం మారింది. తన సంగతీ చెప్పుకొచ్చారు. ఇంతకు ముందు పనిచేసిన చోట ఒక అమ్మాయికి బిడ్డ పుట్టాక పెద్ద పని అప్పగిస్తే, ఇంట్లో వాళ్ళు గొడవపడి మానిపించారట. దానికి తానే కారణమని ఇప్పటికీ బాధగా ఉంటుందట. అందుకే ఈసారి ముందుగానే ఇంటి పెద్దను అడిగి, ఇక్కడి పద్ధతి ప్రకారమే చేద్దామనుకున్నారట. చూడండి, మంచికి పోయి ఆయనా, మర్యాదకు పోయి మా అక్కా కలిసి ఆ పిల్ల గొంతు కోశారు.

“సరేనమ్మా. నేను సూటిగా అడుగుతాను, మీరు సూటిగా చెప్పండి. మీ కోడలు ఈ పని చేయగలదా?”

“చేయగలదు.”

చిన్నగా అంది. కానీ అంది.

“మా కోడలు తెలివైనది,” అంది మళ్ళీ. ఒకసారి వచ్చాక ఇక ఆ నోరు ఆగలేదు. “నేను ఆరో తరగతి చదివిన దాన్ని. దూలాలు నది మీదకు ఎలా వెళ్తాయో, ఎందుకు పడిపోవో నాకు గరిటెలతో చూపించింది. నాకే అర్థమయ్యేట్టు చెప్పగలిగిన మనిషి మీ పనివాళ్ళకు చెప్పలేదా? తనకు బాగా తెలిసి ఉంటేనే కదండీ అలా చెప్పగలిగేది. పాప సంగతి మీరు చూడకండి. పాపకు నేనున్నాను, మా చెల్లెలుంది. అది ఎంత దూరం వెళ్ళినా, వెనక బరువుకు మేమున్నాం.”

నాకు కళ్ళు చెమర్చాయి. ఈసారి పొగ వల్ల కాదు.

మనూరుంగ్ గారు గడ్డం రుద్దుకున్నారు. “బాగుంది. మరి మీ అబ్బాయి? అతనికి చేతకాదంటారా?”

ఇదీ అసలు చిక్కు. కొడుకును తక్కువ చేసి మాట్లాడడం మా అక్కకు వెన్నతో పెట్టిన విద్య. “వాడికేం వచ్చండీ” అన్న మాట నాలుక చివరే ఉంటుంది ఎప్పుడూ. కానీ ఈయన ముందు ఆ మాట అంటే వాడి ఉద్యోగానికే ముప్పు.  సరిగ్గా అప్పుడే, వాళ్ళమ్మా పిన్నీ వచ్చారని ఎవరు చెప్పారో ఏమో, మికో గుమ్మంలోకి వచ్చాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని అక్కడే ఆగిపోయాడు. అక్కకు వాడు కనిపించాడు.

వాణ్ణి చూస్తూనే చెప్పింది.

“మా వాడు కూడా సమర్థుడేనండీ. వాడు వేసిన స్తంభాలు మొన్న వానాకాలం వచ్చిన వరదకు చెక్కు చెదరలేదు. వాడి పని నీళ్ళ కింద ఉంటుంది, ఎవరికీ కనిపించదు. నాకు కనిపిస్తుంది. ఈ దారిన వెళ్ళినప్పుడల్లా చూస్తాను. అది వాడి పని. పైనున్నది ఆ పిల్ల పని. లెక్క కట్టింది అది, కాబట్టి చేయాల్సింది కూడా అదే. నా కొడుకని వాడికి ఇవ్వమని అడగలేను.”

మికో ముప్పై ఏళ్ళు పైబడిన మనిషి. తల్లి నోట తన గురించి మెచ్చుకోలు వినడం వాడికి అదే మొదటిసారి. అదీ, తన చేతిలోని పని తీసేస్తున్న నోటితోనే. వాడి ముఖం ఎర్రబడింది. తల తిప్పుకుని కిటికీలోంచి స్తంభాల వైపు చూశాడు.

మనూరుంగ్ గారు ఇక ఆలస్యం చేయలేదు. మొదట్లోనే ఆ అమ్మాయిని అడగకుండా మిమ్మల్ని అడగడం నా తప్పన్నారు. ఫోన్ తీసి, అందరికీ వినిపించేలా బల్ల మీద పెట్టారు. రెండుసార్లు మోగాక అనింద్య ఎత్తింది.

“అనింద్యా, నేను. అడగాల్సిన మనిషిని అడగకుండా వేరేవాళ్ళను అడిగాను. నన్ను మన్నించు. ఇప్పుడు నిన్నే అడుగుతున్నాను. నడిమి భాగం నువ్వు చేయగలవా?”

 పాప ఊకొట్టడం వినిపించింది. తర్వాత ఆ పిల్ల గొంతు వినిపించింది. పరాయి గొంతులా సన్నగా ఉంది.

“నాదేముంది సార్. నాకేం తెలుసు. ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది.”

మా అక్క కళ్ళు మూసుకుంది. నేను నెత్తి కొట్టుకున్నాను. పొద్దున ఎవరి మీద అలిగి అన్నం మానేసిందో ఆవిడ మాటలే పొల్లు పోకుండా అప్పజెప్పింది. మనూరుంగ్ గారు చేతులు చాచి మా వైపు చూశారు, ఇప్పుడు నన్నేం చేయమంటారు అన్నట్టు.

అక్క కుర్చీ ముందుకు జరుపుకుని ఫోన్ మీదకు వంగింది.

“అనింద్యా, నేనమ్మా.”

“...మీరు అక్కడున్నారా?”

“ఉన్నాను. ఈయన మనం ఏదంటే అది నమ్మే మనిషి తల్లీ. నేను ఒక్కసారి అన్నందుకు ఇంత అయింది. నువ్వు కూడా అనకు. నీకు వచ్చని నేను చెప్పాను. నా నోటితో చెప్పాను. మర్యాదకు కాదు.”

 అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు, పాపను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్న అలికిడి.

“వింటున్నావా?”

“వింటున్నానమ్మా.”  తర్వాత, ఈసారి గొంతు పెంచి, “చేయగలను సార్,” అంది. “లెక్కలు నావే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తోయాలో నాకు తెలుసు. నాకు ఆ పని కావాలి.”

అల్‌హమ్దులిల్లా అనుకున్నాను. ఆ రేకుల షెడ్డుకు, ఆ పెద్ద గొంతు మనిషికి, మా అక్క నోటికి, అన్నిటికీ మనసులోనే దండం పెట్టుకున్నాను. మా అమ్మ గానీ, మా అమ్మమ్మ గానీ, నేను గానీ “నాకు వచ్చు, నాకు కావాలి” అని ఒక మగవాడితో చెప్పింది ఎప్పుడూ లేదు. ఆ మాట ఎలా ఉంటుందో చెవులతో వినే భాగ్యం నాకు దక్కింది.

మనూరుంగ్ గారు బల్ల మీద చేత్తో చరిచి, అయితే సోమవారం నేరుగా ఇక్కడికే రావాలనీ, సురబయ సంగతి మరిచిపోవాలనీ అన్నారు. ఫోన్ పెట్టేశారు. పొట్లం విప్పి లెద్రె ఒకటి నోట్లో వేసుకున్నారు. అప్పుడు గుమ్మం వైపు తిరిగారు.

“మికో, నువ్వు కూడా విన్నావుగా. నీకు ఇవ్వబోయి వెనక్కి తీసుకుంటున్నాను. నీకేమైనా బాధగా ఉందా? ఉంటే చెప్పు.”

మికో కిటికీ నుంచి ఇటు తిరిగాడు. చంకలోని హెల్మెట్ తీసి రెండు చేతులతో ముందు పట్టుకున్నాడు. నిండుగా నవ్వాడు. తల కొంచెం వంచాడు.

“లేదు సార్. చాలా సంతోషం,” అన్నాడు.

ఆయన నమ్మారు. వాడి భుజం తట్టి మరో లెద్రె తీసుకున్నారు. నేను మా అక్క ముఖంలోకి చూశాను. ఆమె కొడుకు ముఖాన్నే చూస్తోంది. ఆ నవ్వు నిజమో మర్యాదో, కన్నతల్లికి కూడా తెలియడం లేదు.